నలభై ఎనిమిది అంకెలు

ఇంగ్లండులో మాస్టర్స్ చదివే మన పిల్లలకు సెప్టెంబరు గడవడం చాలా కష్టం. చదివేది ఏడాదే. దాని చివర పది పదిహేను వేల మాటల డిసర్టేషన్ రాసి, చెప్పిన రోజున, చెప్పిన గంటకు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఆలస్యమైతే మార్కులు కోస్తారు. మార్కులు తగ్గి ఫెయిలైతే మళ్లీ ఫీజు, మళ్లీ అద్దె, వీసా గొడవ. ఇంటి దగ్గర బ్యాంకు లోనుకు వడ్డీ మాత్రం ఆగదు.

కవెంట్రీలో మా వీధి చుట్టుపక్కల తెలుగు పిల్లలు కలిసి అద్దెకుండే ఇళ్లు చాలా ఉన్నాయి. నేను ఒక ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నానని వాళ్లందరికీ తెలుసు. అందుకే ఆ నెలలో నా ఫోను దిండు పక్కనే ఉంటుంది. పరాయి దేశంలో పొట్టకు తక్కువ తిని చదువుకునే పిల్లలు వీళ్లు. రిపేరు షాపుకు వెళ్తే చూసినందుకే డబ్బు తీసుకుంటారు, వారం తర్వాత రమ్మంటారు. వారం ఎవరి దగ్గరుంది?

ఆ రాత్రి ఫోను చేసింది వరంగల్ అమ్మాయి.

"అన్నా, లాప్‌టాప్ ఆన్ అయితలేదు. లైటు గూడ వస్తలేదు. ఎల్లుండి మధ్యాహ్నం సబ్మిషన్."

వెళ్లేసరికి ఇంట్లోవాళ్లంతా వంటగది టేబులు చుట్టూ చేరి ఉన్నారు. తలా ఒక మాట. ఇక్కడి కరెంటు మన లాప్‌టాప్‌కు పడలేదని ఒకరు. హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి చూద్దామని ఇంకొకరు. ఆ డ్రయర్‌ను ముందు పక్కన పెట్టించాను. కరెంటు పడకపోవడమన్నది కూడా ఉత్తమాటే. ఛార్జర్ ఇటుక మీద చిన్న అక్షరాల్లో 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. అలా ఉంటే ఏ దేశం గోడకైనా తగిలించవచ్చు. పైగా ఇంగ్లండుకూ మనకూ తేడా ఏమీ లేదు, రెండుచోట్లా 230 వోల్టులు, 50 హెర్ట్జే. తేడా అంతా పిన్నుల్లో ఉంది.

ఆన్ కాని లాప్‌టాప్‌ను నేను ఎప్పుడూ గోడ నుంచే చూడ్డం మొదలుపెడతాను. అందరూ లాప్‌టాప్‌ను అనుమానిస్తారు, గోడను ఎవరూ అనుమానించరు. అదే సాకెట్లో నీళ్లు కాచే కెటిల్ పెట్టాను. పనిచేసింది. గోడ మంచిదే. ఆ అమ్మాయి హైదరాబాద్‌లో కొన్న తీగకు గుండ్రటి పిన్నులు. దానికీ గోడకూ మధ్య ప్రయాణాలకు వాడే అడాప్టరు. బ్రిటన్‌లో మూడు పలకల పిన్నుల ప్లగ్గు లోపల ఒక ఫ్యూజు ఉంటుంది. అంగుళం పొడవున్న పింగాణీ గొట్టం. మన దగ్గర ప్లగ్గులో ఫ్యూజు ఉండదు కనుక పిల్లలకు అది తట్టదు. అడాప్టరు విప్పి చూస్తే ఆ ఫ్యూజు పోయి ఉంది. దానికే ఇంటి నుంచి తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, రైస్ కుక్కరూ ఇస్త్రీపెట్టే కలిపి వాడుతున్నారట.

నా సంచిలో ఇక్కడి ప్లగ్గుతో ఉన్న తీగ ఒకటి ఎప్పుడూ ఉంటుంది, 3 ఆంపియర్ల ఫ్యూజుతో. ఇటుక దాకా వచ్చే ఆ తీగ ఒక్కటి మార్చుకుంటే చాలు, ఛార్జరంతా కొత్తది కొనక్కర్లేదు. పెట్టగానే లాప్‌టాప్ పక్కన చిన్న లైటు వెలిగింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

పవర్ బటన్ నొక్కితే ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. సెల్‌ఫోను టార్చి తెర మీదకు ఏటవాలుగా వేసి చూశాను. వెనక దీపం పోయి బొమ్మ మసకగా ఉంటే ఆ వెలుతురులో కనబడుతుంది. ఏమీ లేదు. ఛార్జర్ తీసేసి పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టి, లోపల మిగిలిన కరెంటంతా పోనిచ్చి మళ్లీ పెట్టాను. చాలా లాప్‌టాప్‌లు ఈ ఒక్క పనితో లేచి కూర్చుంటాయి. ఇది లేవలేదు. ఇక వెనక మూత విప్పాల్సిందే. ముందు నీళ్ల కొళాయి లోహం ముట్టుకుని, ఒంట్లో చేరిన స్టాటిక్ కరెంటు వదిలించుకున్నాను. కార్పెట్లు పరిచిన ఈ ఇళ్లలో అది తప్పనిసరి. ఏ మర ఎక్కడిదో తెల్లకాగితం మీద అదే వరసలో పేర్చమని ఆ అమ్మాయికి చెప్పాను. చేతులు వణుకుతున్నా ఒక్కటీ తప్పకుండా పేర్చింది.

లోపల రెండు ర్యాములు ఉన్నాయి. ఒకటి కంపెనీది. రెండోది కొన్న రోజున షాపువాళ్లు వేసిచ్చిన 8 జీబీది. "వాళ్లే అన్ని చేసిచ్చిన్రన్నా, మంచి షాపు" అంది. ఆ రెండోది ఒక పక్క గాడిలోంచి లేచి ఉంది. తీసి, అంచులు తుడిచి, మళ్లీ టక్కుమనేలా కూర్చోబెట్టాను. ఈసారి కంపెనీ బొమ్మ వచ్చింది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

బొమ్మ పోయి నీలం తెర వచ్చింది. బిట్‌లాకర్ రికవరీ. 48 అంకెల కీ ఇవ్వమంటోంది.

ఈ తెర గురించి ప్రతి ఇంటికీ తెలియాలి. విండోస్ 11 ఉన్న చాలా లాప్‌టాప్‌లలో, మొదటిసారి మైక్రోసాఫ్ట్ ఎకౌంటుతో లోపలికి వెళ్లగానే, డిస్కులో ఉన్నదంతా తనంతట తానే సంకేత భాషలోకి మారిపోతుంది. దాని తాళం టీపీఎం అనే చిప్పులో ఉంటుంది. నిన్న ఎలా మొదలైందో ఇవాళా అలాగే మొదలైతేనే ఆ చిప్పు తాళం తీస్తుంది. ఇక్కడ బ్యాటరీ అడుగంటా ఖాళీ అయి, బయోస్ సెట్టింగులు ఫ్యాక్టరీ నాటికి వెళ్లిపోయి, గడియారం కూడా పాత ఏడాది చూపిస్తోంది. కొత్త వేషంలో వచ్చిన యజమానిని చూసి ఇంటికుక్క గుమ్మంలో నిలేసినట్టు, ఆ చిప్పు నిలేసింది. సెట్టింగులు, తేదీ సరిచేసి మళ్లీ చూశాను. నువ్వే అసలు మనిషివైతే 48 అంకెలు చెప్పమనే అంటోంది.

నేను ఆ తాళాన్ని తప్పుపట్టను. రైల్లో మర్చిపోయిన లాప్‌టాప్, దొంగ చేతిలో పడ్డ లాప్‌టాప్ పనికిరాని ఇనుముగా మిగలాలి, అందులోని బతుకు వాడికి చిక్కకూడదు. ఆ తాళం ఉండాల్సిందే. కానీ దాని కీ ఎక్కడుందో కొన్నవాళ్లకు తెలియాలి. మీ ఇంటి నుంచి ఎవరైనా పైచదువుకు విమానం ఎక్కుతుంటే, సూట్‌కేసు తూకం వేసేలోపు ఆ 48 అంకెలూ కాగితం మీద రాయించండి. ఒక కాగితం వాళ్ల దగ్గర, ఒకటి మీ బీరువాలో. ఆ కీ పోతే మైక్రోసాఫ్ట్ కూడా తిరిగి ఇవ్వలేదు. అప్పుడు మిగిలే దారి ఒక్కటే, అంతా చెరిపేసి లాప్‌టాప్‌ను మళ్లీ కొత్తదిగా మొదలుపెట్టడం.

మామూలుగా ఆ కీ మైక్రోసాఫ్ట్ ఎకౌంటులో భద్రంగా ఉంటుంది. ఫోనులో తన ఎకౌంటు తెరవమన్నాను. తెరిచింది. కీ లేదు. ఆ ఎకౌంటు కింద లాప్‌టాపే లేదు. క్లౌడ్‌లో డిసర్టేషన్ ఏమైనా దాచిందేమో చూశాం. ఒక్క ఫైలు కూడా లేదు.

"జులైల రాసింది పెన్‌డ్రైవ్‌ల ఉందన్నా. తర్వాతదంతా డెస్క్‌టాప్ మీదనే ఉంది. క్లౌడ్ నిండిందని మూలకు మెసేజి వస్తనే ఉంటది, ఎందుకు నిండిందో నాకు తెల్వదు. ఈ మధ్య మా అమ్మ ఫోటోలు గూడ కొన్ని వాటంతటవే మాయమైనయి. వైరస్ అనుకున్న."

నీలం తెర మీదకే మళ్లీ వెళ్లాను. కొత్త విండోస్‌లో, కీ ఏ ఎకౌంటులో దాచిందో ఆ తెరే చిన్న ఆనవాలు చూపిస్తుంది. మెయిల్ అడ్రసు మొదటి అక్షరాలు, తర్వాత చుక్కలు. ఆ అక్షరాలు ఆ అమ్మాయి పేరువి కావు.

"లాప్‌టాప్ తెరిస్తే ఏం పేరు వచ్చేదమ్మా?"

"యూజర్ అని. కొన్ననాటి సంది అట్లనే ఉందన్నా. నేను పిన్ ఒక్కటే పెట్టుకున్న."

అప్పుడు తేలింది. విండోస్ 11 హోమ్ మొదటిసారి తెరిచేటప్పుడు ఇంటర్నెట్టూ మైక్రోసాఫ్ట్ ఎకౌంటూ అడుగుతుంది. కొనడానికి వచ్చినవాళ్లకు తమ పాస్‌వర్డు గుర్తుండదు, వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. షాపు కుర్రాడు షాపు ఎకౌంటు కొట్టేసి, పిన్ మీరు పెట్టుకోండి అంటాడు. పిన్ మనదే కనుక లాప్‌టాపూ మనదే అనిపిస్తుంది. డబ్బు మనం కడతాం, కీ మాత్రం వాళ్ల ఎకౌంటుకు వెళ్తుంది.

వరంగల్‌లో వాళ్ల నాన్న బిల్లు దాచి ఉంచాడు. అక్కడ అర్ధరాత్రి దాటినా వెంటనే లేచి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. హైదరాబాద్ షాపు అది. ఇక్కడికన్నా అక్కడ నాలుగున్నర గంటలు ముందు. షాపు పొద్దున పదిన్నరకు తెరిస్తే ఇక్కడ ఆరు. అప్పటిదాకా ఆ అమ్మాయి పడుకోలేదు. స్నేహితురాలి లాప్‌టాప్ ముందు కూర్చుని, జులై నాటి డ్రాఫ్టులో గుర్తున్న మార్పులన్నీ మళ్లీ రాస్తూనే ఉంది. అంత పట్టుదల చూశాక నేను ఇంటికి వెళ్లలేకపోయాను.

ఆరింటికి ఫోను చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు ఒక కుర్రాడు. సంగతి చెప్పాం. బాగానే మాట్లాడాడు.

"ఉంటది అక్కా, ఎటు పోదు. గని శానా ఉన్నయి. నీలం స్క్రీన్ మీద కీ ఐడీ ఉంటది, మొదటి ఎనిమిది చెప్పుండ్రి."

చెప్పాం. వెతికి పట్టాడు. ఒక్కో అంకె నిదానంగా చదివాడు. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగమవుతుంది. ఒక్క అంకె తప్పు కొట్టినా ఆ గుంపు దగ్గరే తెర పట్టేస్తుంది. అయిదో గుంపు దగ్గర పట్టేసింది. "మళ్లీ చెప్పు తమ్ముడూ" అన్నాను. తొమ్మిదిని ఆరుగా విన్నాం. సరిచేసి ఎంటర్ కొట్టగానే విండోస్ తెరుచుకుంది.

డెస్క్‌టాప్ మీద డిసర్టేషన్ అలాగే ఉంది. వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి, యూనివర్సిటీ మెయిల్‌కు ఒకటి పంపించాను. ఆ అమ్మాయి రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. తర్వాత ఫోను దగ్గరకు వచ్చి, "తమ్మీ, నీ మేలు మర్చిపోను" అంది.

"అయ్యో, మేలేముందక్కా. మీరు ఫోన్ చేసుడే మంచిగైంది. మీ నంబరు కోసమే చూస్తున్న. మీ ఫోటోలు, మీ పాస్‌పోర్టు, మీ నాన్న బ్యాంకు కాయితాలు అన్నీ మా ఎకౌంట్లకే వచ్చి పడుతున్నయి. ఫ్రీగ ఇచ్చేది అయిదు జీబీనే, మీ ఒక్కరివాటితోనే నిండింది. జర ఖాళీ చెయ్యిండ్రి."

ఆ అమ్మాయి మాట్లాడలేదు. వాడు చెప్తూనే ఉన్నాడు.

"మీ తర్వాత ఎవరికి కొత్త లాప్‌టాప్ తెరిచిచ్చినా, అండ్ల ముందుగాల మీ ఫోటోలే వస్తున్నయి అక్కా. కొందరు తీసేసుకుంటున్నరు, కొందరు ఉంచుకుంటున్నరు. ఈ పిల్ల ఎవరని అడుగుతున్నరు. కంపెనీవాళ్లు పెట్టిన డెమో ఫోటోలని చెప్పి పంపిస్తున్న."