సమదృష్టి గల చార్టు

ప్రాంతీయ అసమానతలను రూపుమాపుటకై ప్రణాళికావేత్తలెందఱో దశాబ్దముల పర్యంతము శ్రమించియు సాధింపలేని మహత్కార్యమును, సమీక్షా సమావేశమునకు ముందటి రాత్రి ఒక కంప్యూటరు ఆపరేటరు కాపీ, పేస్టు అను రెండు క్రియలతో సాధింపగలడన్న సత్యమును మన అర్థశాస్త్రజ్ఞులు ఇంకను గుర్తింపకుండుట శోచనీయము. తెలంగాణలోని 33 జిల్లాలకు 33 షీట్లు గల ఎక్సెల్ ఫైలు నొకదానిని ఊహింపుడు. ఆదిలాబాదు షీటులో ఆపరేటరు ముచ్చటైన చార్టును గీసి, రంగులద్ది, తక్కిన 32 షీట్లలో దానినే అతికించి, శీర్షికలు మాత్రము మార్చును. మఱునాడు తెరపై ప్రతి జిల్లాయు ఒకే నెలలో ఎగసి, ఒకే నెలలో క్రుంగి, ఒకే నెలలో కోలుకొనును. పెద్దలు "సమతుల్యమైన పురోగతి" యని తల పంకింతురు.

ఇందు చార్టు దోషమేమియు లేదు. చార్టును మాత్రమే తీసి వేఱొక షీటున అతికించినప్పుడు, అత్తవారింట ఎన్నేండ్లున్నను పుట్టింటి పేరు విడువని కోడలివలె, అది తన సిరీస్ ఫార్ములాలో తొలి షీటు పేరునే నిలుపుకొనును. అట్లుగాక షీటునంతటిని నకలు తీసినచో, అందలి చార్టు క్రొత్త షీటులోని అంకెలనే చూచును. నకలు తీయు విద్య మన కార్యాలయములలో అనాదిగా వర్ధిల్లుచున్నను, దేనిని నకలు తీయవలెనో తెలిసిన పోస్టు మాత్రము ఇంకను మంజూరు కాలేదు.

1786లో విలియం ప్లేఫేర్ అను స్కాట్లండు దేశీయుడు ఎగుమతి దిగుమతులను గీతలుగా చూపుచు తన అట్లాసును ప్రకటించినప్పుడు, పటములను రాగిరేకులపై చెక్కింపవలసి వచ్చెను. స్వదేశమునకు ఏండ్లవారీ లెక్కలు లభింపకపోగా, ఇంగ్లండు గీతను దెచ్చి అతికింపక, దొరికిన ఒక్క యేటి లెక్కలతో కడ్డీల పటమును కల్పించెను. పాపము, ఆయనకు పేస్టు సౌకర్యము లేదు!

ఇక చార్టు చూచు గడుల పరిధి మాట. తెలంగాణ యేర్పడిన నాడు జిల్లాలు 10. అవి 2016లో 31, 2019లో 33 అయినవి. జిల్లాలన్నిటిని ఒకే పట్టికలో వరుసగా పేర్చి, బి2 నుండి బి11 వఱకు అని పది గడులకు కట్టుబడిన చార్టు, అడుగున ఎన్ని జిల్లాలు చేర్చినను వాని ఉనికిని అంగీకరింపదు. గెజెట్టు దానికి వర్తింపదు. కంట్రోల్, టి మీటలు కలిపి నొక్కి పట్టికను టేబులుగా మార్చినచో, వరుస చేరినకొలది చార్టు తానే పెరుగును. అంత సులభమైనది విద్వత్తునకు తగదని తలంచు నిపుణులు ఆఫ్‌సెట్, కౌంట్‌ఏ ఫార్ములాలను జోడించి చరపరిధిని నిర్మింతురు. నిండిన గడులను లెక్కించి పరిధి పొడవును నిర్ణయించు ఈ విధానమున, నడుమ నొక జిల్లావారు లెక్క పంపక గడిని ఖాళీగా విడిచినచో, శిక్ష వారికి గాక పట్టిక చివరనున్న జిల్లాకు పడును. ఇంగ్లీషు అక్షరక్రమమున కడపటిదగుటయే నేరముగా యాదాద్రి భువనగిరి చార్టునుండి అదృశ్యమగును. దీనిని చూచి పాలనాశాస్త్రమునకు విరుద్ధమని ఎవ్వరును అనజాలరు.

33 షీట్ల చిక్కునకు మఱియొక ఉపాయమును కలదు: జిల్లా పేరును ఒక గడిలో ఎంచుకొనగానే, ఇన్‌డైరెక్ట్ ఫార్ములాచే ఆ షీటు అంకెలు ఒకచోటికి వచ్చి, ఒక్క చార్టే అందఱికిని పనిచేయును. కాని ఒక్క చార్టుతో సమావేశమెట్లు జరుగును? 33 స్లయిడ్లు లేనిదే టీ రెండవసారి రాదు. అంతకన్న గొప్ప చిక్కు వేఱొకటి కలదు. చరపరిధి గల చార్టు ఏప్రిల్ అంకె చేరినంతనే ఏప్రిల్ పతనమును చూపి తీరును. స్థిరపరిధి గల చార్టు మార్చి శిఖరమునందే ఆగి, అధికారి బదిలీ అగువఱకు అచటనే విశ్రమించును. పురోగతిని చూపుటకై పుట్టిన చార్టు కదలకుండుటయే క్షేమమని కార్యాలయము ఏనాడో గ్రహించినది. దీనిని అజ్ఞానమనుకొనువారే అజ్ఞానులు.

పాఠకమహాశయులారా! రానున్న సమీక్షలో మీ జిల్లా చార్టు మిక్కిలి మనోహరముగా కనబడినచో, చప్పట్లు కొట్టుటకు ముందు ఆ గీతపై ఒక్కమాఱు నొక్కి, పైనున్న ఫార్ములా పట్టీలో ఏ షీటు పేరున్నదో చదివి చూడుడు.