జాంబీ పద్యము: టీకా, తాత్పర్యము

మూలము:

తలకు గురిని పెట్టు తడబాటు పడబోకు
గుండ్లు లేని వేళ గోడ చాటు
నేలఁ గూలినాను నిలబెట్టరా బావ
అమ్మ పిలుచుచుండె నన్నమునకు

టీక: బావ = ఓ బావా; తడబాటు పడబోకు = కంగారుపడకుము; తలకు = జాంబీ శిరస్సునకు; గురిని పెట్టు = గురిచూడుము; గుండ్లు లేని వేళ = తూటాలు నిండుకున్నప్పుడు; గోడ చాటు = గోడ వెనుక (నక్కుము అని అధ్యాహారము); నేలఁ గూలినాను = నాక్ అయితిని; నిలబెట్టరా = రివైవ్ ఇమ్ము; అమ్మ = జనని; అన్నమునకు = భోజనమునకు; పిలుచుచుండె = పిలుచుచునే యుండెను (ఒక్కసారి కాదని భావము).

తాత్పర్యము: శవాలనుండి కాపాడు, త్వరగా కాపాడు, అన్నం చల్లారిపోతోంది.

విశేషములు: అమలాపురంలో అరుగుమీది కుర్రాడు కొత్తపేటలోని మేనత్త కొడుకుతో ఇయర్‌ఫోన్‌లో అన్న మాటలివి. పబ్జీ మొబైల్లోకి జాంబీలు 2019 ఫిబ్రవరిలో, రెసిడెంట్ ఈవిల్ 2 పొత్తుతో దిగాయి. 2020 సెప్టెంబరు 2న ఆటనే దేశంలో నిషేధించారు. కాబట్టి రచనాకాలం ఈ రెంటి నడుమ. 2021 జులైలో బీజీఎంఐగా తిరిగొచ్చింది కదా అంటారా? అప్పటికి కవికి రెండేళ్లు పైబడతాయి. అమ్మ ఇన్నిసార్లు పిలవదు.

తలకే ఎందుకంటే, ఈ శాస్త్రం 1968లో జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ నాటిది. మెదడు చితికితే గాని శవం ఆగదు. మన బేతాళుడు మర్యాదస్తుడు, భుజమెక్కినా కథ చెప్పాడు. జాంబీకి కథ లేదు, ఆకలే.

రాజోలు ప్రతిలో ‘కొబ్బరి చాటు’ అని పాఠాంతరం. యతి కుదిరింది, గణం చెడింది. పైగా కొబ్బరి మొదలు చాటున బక్కవాడు కూడా పూర్తిగా దాగడు. సీమాభిమానంతో ఎవరో దిద్దారని మా అనుమానం.

రివైవ్‌కు పది సెకన్లు పడుతుంది. అంతసేపూ లేపేవాడు తుపాకీ పేల్చలేడు. అందుకే కవి ‘మిత్రమా’ అనలేదు. మిత్రుడు ముందు తన ప్రాణం చూసుకుంటాడు. బావకు రేపు అత్తయ్య ముఖం చూడాల్సి ఉంటుంది.

రసం బీభత్సమని కొందరు, భయానకమని కొందరు. జాంబీలు మూడు పాదాలు ఆక్రమించినా అసలు భయం నాలుగో పాదానిదే. ఆన్‌లైన్ ఆటకు పాజ్ లేదు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండో చెవి వంటింటివైపు. బొటనవేళ్ల చెమటకు అద్దం జారితే లుంగీకి తుడిచి మళ్లీ గురి. మొదటి పిలుపు ‘నాన్నా’, రెండోది ‘ఒరేయ్’, మూడోది ఇంటిపేరుతో సహా. ‘వత్తన్నానమ్మా’ అన్న జవాబు ధ్వని.

ఫలశ్రుతి: బావ లేపాడో లేదో మూలంలో లేదు. కొత్తపేటలోనూ వడ్డించే వేళ అదే.