కుందేలుకూ ఏకాదశేనా?

మన చిక్కబళ్లాపురం సీమలో ఇంటికో పశువైద్యుడున్నాడు. పట్టా లేదు, ఫీజు లేదు, సందేహం అసలే లేదు. పెంపుడు కుందేలు పొద్దున్నుంచి మేత ముట్టలేదని అరుగు మీద అని చూడండి. "లంఖణం పరమౌషధం. ఆకలైతే అదే తింటుంది" అని చీటీ రాసిచ్చేస్తాడు.

ఇదే పెద్దమనిషి ఇంట్లో సీమావు ఒక పూట కుడితి తాగలేదంటే పాల సొసైటీకి ఫోను, డాక్టరుకు ఫోను, అల్లుడికి ఫోను. కుందేలుకేమో ఏకాదశి! పీచు లోపలికి పోతుంటేనే దాని పేగు కదులుతుంది. మేత ఆగితే పేగు మందగిస్తుంది, గాలి నిండుతుంది, నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి ఉన్న ఆకలీ చస్తుంది. పది పన్నెండు గంటలు ఏమీ తినలేదంటే వైద్యులు అత్యవసరం కింద చూస్తారు. ఇంకా ఆలస్యమైతే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది. ఆపరేషనుకు ముందు మనుషుల్నీ కుక్కల్నీ పస్తు ఉంచే డాక్టర్లు, వాంతి చేసుకోవడమే చేతకాని కుందేలును మాత్రం పస్తు ఉంచరు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లు వెనకటికి ఉండేవారు. వీళ్లు ఆ మూడు కాళ్ల కుందేలుకు ఉపవాసం కూడా పెట్టిస్తున్నారు.

శిడ్లఘట్ట చుట్టానిది ఇంకో సిద్ధాంతం. పట్టుపురుగు పొర విడిచే ముందు ఆకు మానేసి తలెత్తి కూర్చుంటుంది కదా, జ్వరానికి కూర్చుందంటాం కదా, ఇదీ అలాగేనట. పురుగు నాలుగు జ్వరాలు దాటి, పండి, గూడు కడుతుంది. కుందేలు కూడా కడితే గంపకెత్తి గూళ్ల మార్కెట్టుకు పోదాం.

ఇక దిష్టి శాఖ. తెల్లగా, బొద్దుగా ఉంది, ఎవరి కన్నో పడింది! ఉప్పు, మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తే ఆ ఘాటుకు నొప్పితో ముడుచుకున్న ప్రాణి ఇంకాస్త ముడుచుకుంటుంది. ఇదంతా ఎక్కడనుకున్నారు? గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్యగారి సీమలో. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరుగా ఉంటూ 1976లో మహిమల మీద విచారణకు కమిటీ వేసిన మనిషాయన. గాల్లోంచి ఉంగరాలు తీసేవాళ్లను గుమ్మడికాయ తీసి చూపమన్నాడు, అది చొక్కా చేతిలో దాగదు గనుక. ఆ గుమ్మడికాయను మనమిప్పుడు కుందేలు చుట్టూ తిప్పుతున్నాం.

దిష్టి దిగకపోతే మాత్రల డబ్బా దిగుతుంది. ఎవరి గొంతునొప్పికో కొని మిగిలిన అమాక్సిసిలిన్ నీళ్లలో కలిపి నోట్లో పోస్తారు. అది పేగులో మేతను అరిగించే సూక్ష్మజీవులను చంపి, ప్రాణం తీసేవాటికి చోటిస్తుంది. కుందేలు పోతే "ఆయువు తీరింది" అంటారు. పోస్టుమార్టం అడిగేవాడెవడు?

అసలు కారణం చాలాసార్లు గిన్నెలోనే ఉంటుంది. బొమ్మల్లో చూశాం గనుక క్యారట్టు, పిల్లలు ముద్దుచేస్తే బిస్కెట్టు. దానికి కావలసింది రోజంతా నమలడానికి ఎండుగడ్డి. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. అరగని దవడపళ్లు మొనదేలి నాలుకను, బుగ్గను కోస్తాయి. అయినా అది అరవదు, మూలగదు. నొప్పి పైకి కనబడితే నక్క పాలవుతుందని పుట్టుకతోనే తెలిసిన జీవం. "కళ్లు తెరిచే ఉందిగా, బాగానే ఉంది" అని అరుగు వైద్యుడు నాడి చూడకుండానే తేల్చేస్తాడు.

తాలూకా ఆస్పత్రి డాక్టరు ఆవులతో తలమునకలై ఉంటే హెబ్బాళ పశువైద్య కళాశాల ఉంది. బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా పోయే హైవే తిన్నగా అక్కడికే చేరుస్తుంది. చివరిసారి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు పెంటికలు వేసింది అని అడుగుతారు. గుర్తుపెట్టుకుని వెళ్లండి. లంఖణం పెద్దాయన్నూ బండెక్కించుకోండి. దేవనహళ్లి రాకముందే టిఫినుకు ఆపమనేది ఆయనే.