సవరానికి సేవ, సొంత జుట్టుకు సెలవు

సవరం డబ్బు పెట్టి కొన్నది. సొంత జుట్టు ఊరికే వచ్చింది. ఊరికే వచ్చినదానికి ఎంత మర్యాద చెయ్యాలో మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు కనుక, కింది సలహాలన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. జడలో కలుపుకునే సవరమైనా, క్లిప్పులతో తగిలించుకునేదైనా, టేపుతో అంటించేదైనా, నెత్తికి కుట్టించుకునేదైనా సరే, దాన్ని వేరే దువ్వెనతో దువ్వండి, ఖరీదైన షాంపూతో కడగండి, నీడన ఆరబెట్టి పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో దాచండి. దాన్ని మోసే జుట్టు మాత్రం పందిరి గుంజ. తీగకు నీళ్లు పోస్తాం గానీ గుంజకు పొయ్యం కదా.

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అన్నారు పెద్దలు. పాపం, వాళ్ల కాలంలో సవరం అతికించే కెరటిన్ జిగురు లేదు. కొప్పు కావాలంటే జుట్టుతో పని పడేది.

అన్నిటికన్నా ముఖ్యం బిగింపు. పార్లర్‌లో అమ్మాయి “మరీ బిగుతుగా ఉందా మేడం?” అంటే “ఇంకొంచెం లాగు” అనాలి. కనుబొమలు పైకి లేచి, నుదుటి ముడతలు సాఫై, పదేళ్లు తగ్గినట్టు కనిపిస్తే సరిగ్గా కుదిరినట్టు. ఆ రాత్రి దిండు మీద తల ఆనించలేకపోతే పారాసిటమాల్ ఎందుకుంది? రెండు రోజులకు చెవుల పైన, నుదుటి అంచున చిన్న చిన్న పొక్కులు లేస్తే కొత్త జుట్టు పుట్టుకొస్తోందని సంతోషించండి. అవి లాగుడు తట్టుకోలేక వాచిన కుదుళ్లని చర్మవైద్యులు అంటారు. ఇలా లాగుడుకు జుట్టు ఊడడానికి ట్రాక్షన్ అలోపీషియా అని పేరు కూడా పెట్టారు. మొదట్లోనే వదులు చేస్తే పోయిన జుట్టు మళ్లీ వస్తుందట. ఏళ్ల తరబడి లాగితే కుదురు ఉన్నచోట మచ్చ కట్టి ఇక మొలవదట. కాబట్టి ఆ ‘మొదట్లో’ అన్న దశను తొందరగా దాటెయ్యండి, వదులు చెయ్యాలా వద్దా అన్న బెంగ తీరిపోతుంది. జుట్టు అంచు వెనక్కి జరిగాక కూడా ముందు వరసలో నూగు లాంటి వెంట్రుకలు కొన్ని మిగులుతాయి. పాయకు దొరకనంత పొట్టివి కనుక బతికిపోయినవి. వైద్యులు వాటిని చూసే జబ్బు పోల్చుకుంటారు. మీరు వాటిని జెల్లుతో నుదుటికి అతికించి ఫొటో దిగండి.

పెళ్లికూతుళ్లు ఇంకొంచెం శ్రద్ధగా చదవాలి. ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికైతే జడ ముందురోజు మధ్యాహ్నమే వేయించుకోండి. బారెడు సవరం, దాని మీద పూలజడ, పొడవునా జడబిళ్లలు, చివర కుప్పెలు, పైన నాగరం, పాపిటకు అటూ ఇటూ సూర్యుడూ చంద్రుడూ. ఈ బరువంతా మెడ వెనక గుప్పెడు వెంట్రుకలకే అప్పగించాలి. తలంతా పంచేలా పిన్నులు సర్దుతానని బ్యూటీషియన్ అంటే టైం లేదని చెప్పండి. నిజంగానే ఉండదు, అవతల ఫొటోగ్రాఫర్ కేకలు పెడుతుంటాడు. ముహూర్తానికి నడినెత్తిన జీలకర్ర బెల్లం పెడతారు. క్లిప్పుల వరస సరిగ్గా ఆ కిందే ఉండేలా చూసుకుంటే బెల్లం క్లిప్పుల్లోకి దిగి గట్టిపడుతుంది, ఇక జన్మలో జారవు. ఆ పైన తలంబ్రాలు. పసుపు బియ్యం పాయల్లోకీ, పిన్నుల మధ్యకూ చేరి కూర్చుంటాయి. ఉండనివ్వండి, శుభం. పదహారు రోజుల పండగ దాకా ఆగి తీరిగ్గా విప్పండి. గోరువెచ్చని నీళ్లతో బెల్లం కరిగించి, కండిషనర్ రాసి, కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి చిక్కు తియ్యమనే పిన్నిగారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆవిణ్ణి పాయసం అడుగంటుతోందేమో చూడమని పంపించండి. దువ్వెన నడినెత్తిన గుచ్చి ఒక్క లాగు లాగితే పని అయిపోతుంది, దువ్వెన నిలిస్తే.

మగవాళ్లే సత్యభామ వేషం కట్టిన రోజుల్లో, వేదాంతం సత్యనారాయణ శర్మ వంటివారికి భామాకలాపంలో ఆ జడే సగం పాత్ర. ఆట అయ్యాక వేషంతో పాటు జడ కూడా తీసి పెట్టెలో పెట్టేసేవారు. మీరు అలా తియ్యకండి. క్లిప్పులు పెట్టుకునే పడుకోండి. రాత్రి పక్క మార్చినప్పుడల్లా ఒక్కో క్లిప్పు ఓ నాలుగు వెంట్రుకలతో సెలవు తీసుకుంటుంది, పొద్దున్న తీసే శ్రమ ఆ మేరకు తగ్గుతుంది.

ఇక కుట్టుడు జుట్టు. క్రిస్టినా జెంకిన్స్ అనే అమెరికా నల్లజాతి మహిళ 1952లో జుట్టు కుట్టే పద్ధతికి పేటెంట్ పొందింది. ఇప్పుడు ఎక్కువగా చేసేది, సొంత జుట్టును నెత్తికి ఆనించి సన్నని జడలుగా అల్లి, కొనుక్కున్న జుట్టును ఆ అల్లిక మీద వరసలుగా సూదీ దారంతో కుట్టడం. అక్కడి ఆడవాళ్లు దీని చుట్టూ ఒక పెద్ద శాస్త్రమే పెంచుకున్నారు. అల్లిక నొప్పి పెట్టకూడదు. సన్నమూతి సీసాతో షాంపూ నీళ్లు వరసల సందుల్లోంచి నెత్తి మీదకు పోయాలి. లోపలి అల్లిక పూర్తిగా ఆరేదాకా డ్రయ్యర్ కింద కూర్చోవాలి. రాత్రి శాటిన్ గుడ్డ చుట్టుకోవాలి. ఆరు, ఎనిమిది వారాలకు విప్పాలి. మళ్లీ కుట్టే ముందు తలకు కొన్నాళ్లు ఊపిరి పీల్చుకోనివ్వాలి. ఇంత గొడవ మనకెందుకు, సూదీ దారం వరకు దిగుమతి చేసుకుంటే చాలు. దట్టంగా మెలికలు తిరిగిన జుట్టులో అల్లిక మెత్తగా వేసినా పట్టు ఉంటుంది. మన నున్నని జుట్టు మీద అదే అల్లిక జారిపోతుంది. జారుతోందంటే మరింత గట్టిగా అల్లమనేగా.

కుట్టించుకున్నాక తలస్నానం మానెయ్యండి. రెండు నెలలు ఎంతలోకి గడిచిపోతాయి! దురద పెడితే జడపిన్ను దూర్చి గోక్కోవచ్చు. మరీ మానలేనివారు రాత్రి పది గంటలకు స్నానం చేసి తడితలతోనే పడుకోండి. లోపలి అల్లిక మర్నాటికి కూడా ఆరదు, ఆ చెమ్మలో ఏం పెరుగుతుందో వాన పడ్డాక చెప్పుల జతను అడగండి. వాసన వస్తే సాంబ్రాణి పొగ పట్టించండి. నైలాన్ సవరమైతే కుంపటికి మరీ దగ్గరగా వంగకండి. ఇది జుట్టు క్షేమం కోసం కాదు, సవరం కోసం.

టేపులవాళ్లకు ఒకే మాట. అంటించుకునే రోజు పొద్దున్నే ఆముదం దట్టంగా పెట్టుకోండి. జిగురుకు నూనె పడకపోతే అది జిగురు ఖర్మ.

కొనేటప్పుడు మెరుపు చూసి కొనండి, ఇంకేమీ అడగకండి. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం పొడవు వారీగా రకాలు చేసి ఈ-వేలం వేస్తుంది. అన్నిటికన్నా పొడవైనది మొదటి రకం. అలాంటి జుట్టును కుదుళ్లన్నీ ఒక వైపు, కొసలన్నీ ఒక వైపు ఉండేలా జాగ్రత్తగా కట్టలు కడితే తొందరగా చిక్కు పడదు, ధరా అలాగే ఉంటుంది. ఇంకో రకం మన వీధిలోనే పుడుతుంది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఉండ చుట్టి గోడ సందులో దాస్తే, సైకిలు మీద వచ్చినవాడు వాటికి స్టీలు గిన్నె ఇచ్చి పట్టుకెళతాడు. అందులో కుదురేదో కొసేదో ఎవరికీ తెలియదు. ఒక్కో వెంట్రుక మీద ఉండే పొలుసులు ఒకదానికొకటి ఎదురు తిరిగి చిక్కు పడతాయి కాబట్టి ఆమ్లంతో ఆ పొలుసులే తీసేసి, పైన సిలికాన్ పూస్తారు. దుకాణంలో ఎక్కువ మెరిసేది తరచు ఇదే. కొన్ని తలస్నానాలకు పూత పోతుంది, సవరం చీపురుకట్ట అవుతుంది, మీ జుట్టును కూడా ఆ చిక్కులోకి కలుపుకుంటుంది. శ్రీనివాసుడి తల మీద జుట్టు లేని చోట నీలాదేవి తన జుట్టు తీసి అతికించిందని తిరుమల కథ. ఆ అతుకు శాశ్వతం. మీది ఎనిమిది వారాల అతుకు. ఆ చిన్న తేడా పట్టించుకోకండి.

సవరం రంగు మీ జుట్టుతో కలవకపోతే సవరానికి రంగు వెయ్యడం దండగ, పాడైపోతుంది. బ్లీచ్ పెట్టి మీ జుట్టునే దాని రంగుకు తెచ్చుకోండి.

విప్పే రోజు గుండె దిటవు చేసుకోవాలి. ఎవరి తల నుంచైనా రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు మామూలుగానే రాలతాయి. లోపల బిగించి ఉన్నవి కింద పడే దారి లేక అక్కడే ఉండిపోతాయి. రెండు నెలలకు లెక్క వేస్తే మూడు వేల నుంచి ఆరు వేల దాకా ఒకేసారి చేతికి వస్తాయి. ఈ లెక్క తెలిసినవాళ్లు కంగారు పడరు, రాలినదాని కుదురు వైపు తెల్లని చిన్న బొడిపె ఉందా, లేక మధ్యలో తెగిందా అని చూస్తారు. బొడిపె ఉన్నవాటిలో ఎక్కువ భాగం కాలం తీరి రాలినవే. మధ్యలో తెగినవి ఎక్కువుంటే బిగింపుదో దువ్వెనదో తప్పు. మీరు ఇవేమీ చూడకండి. “అమ్మో, జుట్టంతా పోయింది” అని ఇల్లు అదిరేలా అరిచి, ఆ పల్చదనం కప్పిపుచ్చడానికి అదే సాయంత్రం కొత్త సెట్టు వేయించుకోండి. విప్పడానికి పార్లర్‌కు వెళ్లడం కూడా అనవసరం. జిగురు కరిగించే ద్రావకం పావుగంట తాపీగా పని చేస్తుంది, మీ చేతికి అరనిమిషం చాలు. రాకపోతే కత్తెర. కత్తెరకు ఏది కొన్నదో ఏది పుట్టిందో తెలియదు గానీ, దానికి పక్షపాతం లేదు.

ఇంత చేశాక డాక్టరు దగ్గరకు వెళ్లాల్సి వస్తే అన్నీ తగిలించుకునే వెళ్లండి. బోసి తలతో పరాయివాళ్ల ముందు కూర్చోవడం మర్యాద కాదు. ఎప్పటి నుంచి అని అడిగితే “హైదరాబాద్ వచ్చినప్పటి నుంచండీ, నీళ్లు పడలేదు” అనాలి. డాలస్‌లో ఉన్నవాళ్లు డాలస్ నీళ్లు అనొచ్చు. చెవుల పైనా నుదుటి దగ్గరా మాత్రమే పల్చబడి వెనకంతా ఒత్తుగా ఉందే, ఆ నీళ్లు వెనక్కి తగలవా అని ఆవిడ అడిగితే, రోగుల నీళ్ల మీద నమ్మకం లేని డాక్టరు మీకు సరిపడదు. ఫీజు ఇచ్చేసి లేచి రండి. దారిలో షవర్‌కు ఒక ఫిల్టరు కొనండి. ఆ పక్కనే పార్లర్ కనిపిస్తే, చెవుల పైన మరో రెండు వరసలు కుట్టించుకుని మరీ ఇంటికి వెళ్లండి.