పుట్టీ పెద్దమనిషికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ పేరు నాకు తెలియదు. 1972 మోడల్ డాట్సన్ 240 జెడ్ ఒకటి నాకంటే ముందు మీ చేతుల్లో ఉండేదని, దాన్ని అమ్మకానికి ముస్తాబు చేసింది మీరేనని మాత్రం తెలుసు. కారే చెప్పింది. పైన ఎర్ర రంగు, రంగు కింద పుట్టీ, పుట్టీ కింద జాలీ, జాలీ వెనక శూన్యం. ఆ శూన్యంలో ఒకప్పుడు ఇనప రేకు ఉండేది.

తుప్పు కొంత ఉంటుందని లెక్కేసుకునే ఈ కారు కొన్నాను. డెట్రాయిట్ శివార్లలో కాపురముంటూ, యాభై ఏళ్లు దాటిన జపాన్ బండికి తుప్పు ఉండదని ఎవరనుకుంటారు? ఈ ఊరు కార్లకు పుట్టిల్లు. అదే ఊరి నేల కింద, దాదాపు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. చలికాలం రాగానే మంచు కరగడానికి రోడ్ల మీద చల్లేది అలాంటి గని ఉప్పే. పైన కార్లు కట్టడం, కింద కార్లను తినే సరుకు తవ్వడం, రెండు వ్యాపారాలూ ఒకే ఊళ్లో నడుస్తున్నాయి. ఇనుము, నీరు, గాలి కలిస్తే చాలు తుప్పు మొదలవుతుంది. ఆ నీళ్లలో ఉప్పు కలిస్తే దాని పని మరీ జోరందుకుంటుంది. పుట్టిన తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు అడుగుతుంది కాబట్టి రెండు రేకుల అతుకు మధ్య చేరి వాటిని విడదీస్తుంది కూడా. ఇందులో కుట్రేమీ లేదు. తుప్పు తన పని తాను చేసుకుపోయింది. దాని మీద నాకు కోపం లేదు.

కోపమంతా మీ మీద.

మీరు ముస్తాబు చేసింది ఏ కారునో తెలిసే చేశారా అన్నది నా మొదటి అనుమానం. 1969 అక్టోబరులో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో బయటికొచ్చిన కారు ఇది. అమెరికాలో నిస్సాన్ వ్యవహారాలు చూసిన యుతాకా కతయామా ఇక్కడి జనానికి ఇలాంటి కారు కావాలని పట్టుబట్టాడు. ఇక్కడ 3,526 డాలర్లకు అమ్మారు. ఆ డబ్బుకి ఆరు సిలిండర్ల 2.4 లీటర్ల ఇంజిను, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షను, టన్నుకు కాస్త పైన బరువు. యూరప్ స్పోర్ట్స్ కార్ల ధరలు చూసి నిట్టూర్చే మధ్యతరగతి వాళ్లు దీని కోసం పేరు రాయించుకుని ఎదురుచూశారు. 1971లో తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీ గెలిచింది. 1973లో మళ్లీ గెలిచింది. ఆ ఏడు స్టీరింగు పట్టినవాడు ఉగాండాలో పుట్టిన భారతీయ సంతతివాడు శేఖర్ మెహతా. ఆఫ్రికా బురదలోనూ రాళ్లలోనూ నిలబడ్డ బండి, మిషిగన్ ఉప్పు ముందు మోకరిల్లింది.

మోకరిల్లక తప్పదు కూడా. దీనికి విడిగా ఛాసిస్ లేదు. మిల్లీమీటరు మందం కూడా లేని రేకులను పెట్టెల్లా మడిచి, ఒకదానికొకటి స్పాట్ వెల్డింగులతో కలిపితే వచ్చిన దేహం ఇది. ఆ రేకుకి జింకు పూత లేదు. శబ్దం రాకుండా కాళ్ల కింద అతికించిన తారు పట్టీలు తడిని పట్టి ఉంచుతాయి. అద్దం కింది జాలీలోంచి దిగిన వాననీళ్లు ఫెండర్ల వెనక నుంచి బయటికి పోవాలి. ఆ దారిలో ఆకులు పేరుకుంటే నీళ్లు అక్కడే నిలుస్తాయి. బ్యాటరీ తట్ట మీద కారిన యాసిడ్ కింది పట్టీని తింటుంది. ఇవన్నీ 240 జెడ్ పెట్టుకున్న ప్రతివాడికీ కంఠతా వచ్చిన చోట్లు. మీకూ వచ్చు. మీరు పుట్టీ పెట్టినవి సరిగ్గా ఆ చోట్లే.

ఎడమవైపు తలుపు కింది సిల్ దగ్గర పని మొదలుపెట్టాను. చూడ్డానికి నున్నగా, తళతళలాడుతూ ఉంది. మంచి రేకుని చిన్న సుత్తితో తడితే ఖంగుమంటుంది. మీ సిల్ డబ్బుమంది. అయస్కాంతం పెడితే నిలవలేదు, జారి నేల మీద పడింది. గ్రైండరు ఆనించాను. ఎర్ర రంగు పోయింది, బూడిద రంగు ప్రైమరు పోయింది, ఆపైన గులాబీ రంగు పుట్టీ పొడి లేచింది. లేస్తూనే ఉంది. వేలి మందం పుట్టీ అయ్యా అది! దాని వెనక కిటికీలకు దోమలు రాకుండా కొట్టే అల్యూమినియం జాలీ. జాలీ వెనక పసుపుపచ్చని ఫోము, గోడల సందులు పూడ్చడానికి డబ్బాలో అమ్ముతారే, అది. చేతికందినంత ముక్క తుంచి పిండితే నీళ్లు కారాయి. ఉప్పునీటిని ఇనుముకి ఆనించి, ఆరిపోకుండా కాపాడుతూ వచ్చిందన్నమాట. తుప్పు తానొక్కతే అయితే ఇంకో పదేళ్లు పట్టే పనికి మీరు సహాయకుణ్ని కూడా పెట్టారు.

పైగా ఆ ఫోము ఉందని తెలియనివాడు అక్కడ వెల్డింగ్ పెడితే నిప్పు అంటుకుంటుంది. కాలితే వచ్చే పొగలో సైనైడ్ వాయువు ఉంటుంది. మీరు దాచిన రంధ్రం ఖర్చు నేను పెట్టుకోగలను. ఈ సంగతి మాత్రం ఎంత ఆలోచించినా మింగుడుపడటం లేదు.

సిల్ ఈ కారుకి అలంకారం అనుకున్నారేమో. ముందు చక్రాలనీ వెనక చక్రాలనీ కలిపి పట్టుకునే వెన్ను అదే. జాక్ మీద లేపగానే తలుపు సందు మారిపోయి, తలుపు మూసుకోవడం మానేసింది. అంటే నడుం విరిగిన కారుకి మీరు పౌడరు రాసి పెళ్లిచూపులకి కూర్చోబెట్టారు. పైన పటారం, లోన లొటారం.

కాళ్ల కింది రేకు దగ్గర ఇంకొకాయన తారసపడ్డాడు. మీకంటే ముందటివాడు. కుళ్లిన చోట గాల్వనైజ్డ్ రేకు ముక్క పెట్టి, చుట్టూ పాప్ రివెట్లు కొట్టాడు. వంకరటింకర పని. వెల్డింగు లేదు, బలం లేదు. అయినా అతణ్ని చూడగానే క్షమించేశాను. ఈ కార్లు నాలుగు రాళ్లు కూడా చేయని పాత బండ్లుగా తిరిగిన రోజులుండేవి. ఎవరో కుర్రాడు, చలికాలంలో బూట్ల మీద రోడ్డు బురద చిమ్మకుండా కాలేజీకో పనికో వెళ్లాలి, చేతిలో డబ్బులు లేవు. రేకు ముక్క దొరికింది, కొట్టాడు. కానీ రివెట్లు రివెట్లుగానే వదిలేశాడు. తర్వాత వచ్చినవాడు వంగి చూస్తే చాలు, ఇక్కడ రంధ్రం ఉంది బాబూ అని అదే చెబుతుంది. దాని మీద నల్లటి తారు దట్టంగా కొట్టి, కొత్త ఫ్లోరులా కనపడేలా చేసింది మీరు. అతని పేదరికాన్ని కూడా మీరు మీ లాభంలో కలుపుకున్నారు.

లాభం ఎక్కడుందో నాకూ తెలుసులెండి. 1997లో నిస్సాన్ అమెరికా విభాగమే పాత 240 జెడ్‌లు కొని, బాగుచేయించి, తన డీలర్ల ద్వారా 24,950 డాలర్లకు అమ్మింది. ఎన్నో చేయకుండానే ఆ పథకం ముగిసింది. 2020 జనవరిలో పెద్దగా తిరగని 1970 మోడల్ కారు ఒకటి వేలంలో 3,10,000 డాలర్లు పలికింది. అలాంటి వార్త ఒకటి రాగానే ప్రతి పాకలోంచీ ఒక జెడ్ బయటికొస్తుంది, ప్రతి జెడ్‌కీ ఒక పుట్టీ డబ్బా మూత లేస్తుంది. అడిగేవాడా, లేడు. జపాన్‌లో అయితే రెండేళ్లకోసారి షకెన్ అనే తనిఖీ పెట్టి, దేహం బలం తప్పిన కారుని రోడ్డెక్కనివ్వరు. మిషిగన్‌లో కార్లకు అలాంటి తనిఖీయే లేదు. కింద పడుకుని చూసే ఓపిక కొనేవాడికి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

పుట్టీని మాత్రం ఒక్క మాట అనను. మా మావయ్యకి విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు ఉండేది. రేకు వెనక డాలీ ఆనించి, ముందు సుత్తితో తడుతూ, అరచెయ్యి రాసి చూసి, సొట్ట పూర్తిగా లేచిందని నమ్మాకే పుట్టీ డబ్బా మూత తీయనిచ్చేవాడు. రెండు మిల్లీమీటర్లకు మించి పడితే ‘రేకు తక్కువైందా, సిగ్గు తక్కువైందా’ అని అందరి ముందూ అడిగేవాడు. గరుకులు సర్దడానికి పుట్టీ ఉంది. అది తడిని పీలుస్తుంది, బరువు మోయదు. దానితో స్తంభాలు కట్టినవాణ్ని మేస్త్రీ అని పిలవడానికి నోరు రాకే, పైన పెద్దమనిషి అన్నాను.

ఇంజిను మీద నాకు ఫిర్యాదు లేదు. మీరు దాని జోలికి వెళ్లలేదు కాబట్టి. చల్లటి ఇంజిను మీద వాల్వు సందులు చూశాను, ఇన్‌టేక్ 0.20 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.25, ఒకటి రెండు తప్ప అన్నీ అక్కడే ఉన్నాయి. జంట హిటాచీ కార్బురేటర్లు విప్పి కడిగి బిగించాను. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటరు నోటి దగ్గర పెట్టుకుని, రెండింటి బుసా ఒకే స్థాయిలో వినపడేదాకా మరలు తిప్పాను. యాభై ఏళ్ల ఇంజిను చక్కగా ఊపిరి తీసుకుంటోంది. మా అమ్మ వీడియో కాల్‌లో ఆ చప్పుడు విని, ‘బానే ఉందిగా, ఇంకా ఎందుకురా అలా కోసుకుంటూ కూర్చున్నావు?’ అంది. ఆవిడకి మీ గురించి ఏమని చెప్పను?

ఎడమ సిల్‌కి ఏం చేశానో రాస్తాను, చదవండి. మీకూ ఎప్పుడైనా పనికిరావచ్చు. ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనప కడ్డీలు వెల్డ్ చేశాను, పాత సిల్ తీసినా దేహం వంగకుండా. తర్వాత స్పాట్ వెల్డింగులు ఒక్కొక్కటీ డ్రిల్లుతో వదిలించాను. లోపలి రేకుని మెరిసే ఇనుము కనిపించేదాకా కోసుకుంటూ పోయాను; కొంచెం బాగానే ఉంది కదా అని ఆగిన చోటల్లా తుప్పు మళ్లీ మొలుస్తుంది. పైపైన పట్టిన చోట్ల ఫాస్ఫారిక్ యాసిడ్ రాస్తే అది తుప్పుని ఐరన్ ఫాస్ఫేటుగా మార్చేస్తుంది. ఢిల్లీ ఇనప స్తంభం 1600 ఏళ్లుగా నిలబడటానికి దాని ఇనుములో భాస్వరం ఎక్కువ ఉండటం ఒక కారణమంటారు. అంటే మన పాత కమ్మరులు లోపలే పెట్టిన మందుని ఇప్పుడు సీసాలో కొని పైన రాసుకుంటున్నాం. కొత్త రేకు అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క చొప్పున అతికించాను. ఒకే చోట గీత లాగితే వేడికి రేకు మెలికలు తిరుగుతుంది. ఆపైన ఎపాక్సీ ప్రైమరు, అతుకుల మీద సీలెంటు, సిల్ కడుపులోకి గొట్టంతో మైనం పిచికారీ. తలుపుల అడుగున నీళ్లు దిగడానికి ఫ్యాక్టరీ వదిలిన రంధ్రాలను మీరు పుట్టీతో పూడ్చారు కదా, వాటిని మళ్లీ తెరిచాను.

కింద నల్ల తారు కొట్టలేదు. లేత బూడిద రంగు మాత్రమే వేశాను. తుప్పు మళ్లీ మొదలైతే, వచ్చే ఓనరుకి అప్పడం మీద పొక్కులా కనపడాలి. సిల్ మూసే ముందు లోపలి గోడ మీద తేదీ, వాడిన రేకు మందం పెయింట్ పెన్నుతో రాశాను. ఎక్కడ కోశానో, ఎక్కడ అతికానో ఫొటోలన్నీ ఒక ఫైలులో ఉన్నాయి. కారుతో పాటే అదీ చేతులు మారుతుంది.

ఇక అసలు పని. కుడివైపు సిల్ ఇంకా కోయలేదు. అయస్కాంతం అక్కడా జారిపడింది. అందులో ఏం పెట్టారో దయచేసి ముందే చెప్పండి. ఫోమైతే మాస్కు, మంటలార్పే సిలిండరు దగ్గర పెట్టుకుంటాను. సిమెంటైతే బ్లేడు మారుస్తాను. గుడ్డ పేలికలైతే వాటిని తడిపి మరీ మొదలుపెడతాను. శనివారం పొద్దున్నే గ్రైండరు ఎత్తుతున్నాను, ఆలోగా రెండు ముక్కలు రాసి పడేయండి. సంతకం అక్కర్లేదు.

ఇట్లు,
మీ తర్వాతి ఓనరు