బానక్రీడా పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (పద్యం ఈ వ్యాఖ్యాతదే, ఇంకెవరి మీదికీ తోయడం లేదు):

తలకు బాన గట్టి దబ్బున నెగయుచు
పైన రాలు రాలఁ బట్టువాఁడు
బ్రతికి వచ్చెనేని పౌరుషశాలియౌ
చచ్చెనేని వాఁడు చాల మగఁడు

టీక: బాన = ఇక్కడ మట్టిబాన కాదు, మాంత్రికులు మందులు కాచుకునే లోహపు కాగు. కాగు అన్నా గణం సరిపోయేది, కవికి తోచలేదు. గట్టి = కట్టి. మూతి పైకి ఉండేలా కట్టాలి. బోర్లిస్తే ప్రాణం దక్కవచ్చు గానీ ఆట పోతుంది. ఎగయుచు = ఎగురుతూ. దేనిమీద? ‘చీపురుపై’ అని అధ్యాహారం. రాలు రాలన్ = రాలుతున్న రాళ్లను; యమకం. ఆటగాడికి మాత్రం రెంటిలో ఏది క్రియో ఏది నామమో తేల్చుకునేంత వ్యవధి ఉండదు.

తాత్పర్యం: ‘హ్యారీ పోటర్’ రచయిత్రి రౌలింగ్ 2001లో కెన్నిల్‌వర్తీ విస్ప్ పేరుతో రాసిన ‘క్విడిచ్ త్రూ ది ఏజెస్’లో క్రియోత్‌కాన్ అనే స్కాట్లండ్ మాంత్రికుల ఆట ఉంది; పద్యం దాని గురించే. వందడుగుల ఎత్తున మంత్రబలంతో వంద దాకా బండలు వేలాడుతుంటాయి. కొమ్మో డప్పో మోగగానే అవి రాలతాయి. ఎవరి కాగులో ఎక్కువ పడితే వాడు గెలిచినట్టు. అంటే, గెలుస్తున్నకొద్దీ మెడ మీద బరువు పెరుగుతుందన్నమాట. ఇంత న్యాయమైన బహుమానం ఏ ఆటలోనూ చూడలేదు.

విశేషాలు: బతికినవాడికి పౌరుషమే, చచ్చినవాడికి ‘చాల’ మగతనమా అని పూర్వపక్షం. సమాధానం: అక్కడి మాంత్రికులు దీన్ని మగతనానికి గీటురాయి అనుకున్నారు. ఆ గీటురాయే పైనుంచి పడుతుంది. విస్ప్ ఉదహరించిన 11వ శతాబ్దపు గేలిక్ పద్యంలో పన్నెండుగురు ఎగిరితే పదిమంది పోతారు. ఈ లెక్కన బతకడమే అపవాదం, సూత్రం చావుదే.

ఇంట్లో చదివి వినిపిస్తే మా ఆవిడ పాఠాంతరం చెప్పింది: ‘చాలు మగఁడు.’ ఛందస్సు చెడలేదు. పైగా అర్థం బాగుపడింది.

1762లో ఆట నిషిద్ధమైంది. 1960లలో ‘సొట్టతల’ మాగ్నస్ మెక్‌డొనాల్డ్ దాన్ని మళ్లీ తెమ్మని ఉద్యమం నడిపాడు. సొట్టతల అన్నది రూఢమా, యౌగికమా అన్న చర్చ అనవసరం. మాంత్రికుల మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. అర్జీ చదివే పని కూడా లేదు; టోపీ తీయమంటే సరిపోయేది.