శనికి గంటకొట్ట: ఒక బడి పద్యానికి టీకా తాత్పర్యము

అవతారిక

ఈ పద్యం తాళపత్రం మీద దొరకలేదు. రఫ్ నోటు ఆఖరి పుటలో, సున్నా–ఇంటూ ఆడుకున్న గళ్ల పక్కన, నీలం బాల్‌పెన్నుతో రాసి ఉంది. దొరికిన చోటు భూపాలపల్లిలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఏ పాఠశాల అంటే చెప్పము. క్షేత్రం పేరు గోప్యంగా ఉంచడం మంత్రశాస్త్రంలో ఉన్నదే. పైగా ఆ నోటు ఎవరిదని రేపు విచారణ మొదలైతే కవిగారు తెలుగు పీరియడంతా నిలబడాలి.

కర్త పేరు లేదు. పదో తరగతి వాడేనని మా నిర్ణయం. పెద్ద కవుల పద్యాలకు ప్రతిపదార్థాలు రాసి రాసి వేళ్లు నొచ్చిన వాడికి తప్ప, తన పద్యానికి కూడా ఎవరో ఒకరు కూర్చుని ప్రతిపదార్థం రాయాలన్న పగ పుట్టదు. ఆ పగ మా మీద తీరుతున్నది.

మెదక్ దిక్కున కొలిచాల వంశంలో పుట్టిన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన మన గడ్డవాడే కాబట్టి ఆ ఒట్టు మీద మాకు మహా గౌరవం. పాటించడం మాత్రం కుదరదు, పేజీ నిండాలి. ఆయన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు. దీనికి ‘చాక్‌పీసు ప్రకాశిక’ అని పెట్టుకుంటున్నాము.

మూలము (ఆటవెలది)

సోమవారమందు చొక్క కొత్తగనుండు
బుధమునాడు గుడ్డు పుణ్యఫలము
శుక్రవారమందు చూచిరాతయె దిక్కు
శనికి గంటకొట్ట జాతరాయె

ప్రతిపదార్థము

సోమవారమందు = ఆదివారం అయిపోయిందని నమ్మక తప్పని రోజున; చొక్క = యూనిఫారపు పైభాగము; కొత్తగన్ + ఉండు = ఉతికినట్లు కనబడును; బుధమునాడు = వారం నడిబొడ్డున; గుడ్డు = మధ్యాహ్న భోజనంలోని కోడిగుడ్డు; పుణ్యఫలము = పూర్వజన్మది కాదు, ఆ పూట వరుసలో ముందు నిలబడిన పుణ్యానికి దక్కినది; శుక్రవారమందు = లఘుపరీక్ష, అనగా స్లిప్ టెస్టు నాడు; చూచిరాతయె = (ఇందులో పేచీ ఉన్నది, కింద చూడుడు); దిక్కు = శరణు; శనికి = శనివారానికి; గంట + కొట్టన్ = ఆఖరి గంట మోగగా; జాతర + ఆయెన్ = బడి మొత్తం ఒక్కసారి గేటు మీద పడెను.

తాత్పర్యము

వారానికి ఆరు రోజులు బడి. కవి నాలుగే చెప్పెను. తక్కిన రెంటి గతి ఏమని అడుగు పాఠకుడు ఓపిక పట్టవలెను.

విశేషములు

‘కొత్తగనుండు’ అను చోట ఆక్షేపము. సర్కారు ఇచ్చేది ఏడాదికి రెండు జతలు కదా, ప్రతి సోమవారానికీ కొత్త చొక్కా ఎక్కడిది? సమాధానము: ఇది కొత్త బట్ట కాదు, కొత్తగా బయటపడిన రంగు. భూపాలపల్లి బొగ్గు ఊరు. సింగరేణి వారి కాకతీయ ఖనులున్నాయి, ఓపెన్‌కాస్టులున్నాయి, బొగ్గు లారీలున్నాయి, పక్కనే చేల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లతో కాకతీయ థర్మల్ కేంద్రముంది. ఇక్కడ ఏ రంగు బట్టయినా గురువారానికి ఊరి రంగులోకి వస్తుంది. ఆదివారం తల్లి బండకేసి బాదితే అసలు రంగు ఒక్కరోజు దర్శనమిస్తుంది. దాన్నే కవి కొత్త అన్నాడు.

చొక్కాకే ఇంత ప్రాధాన్యం ఏమిటంటే, సోమవారం ప్రార్థనలో కుడిచేయి ముందుకు చాపి ప్రతిజ్ఞ చేయాలి. ఆ ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసినవారు నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. అప్పుడాయన విశాఖపట్నంలో ఖజానా అధికారి. దేశమంతా ఈనాటికీ చేతులు చాపుతూనే ఉంది. చాపినప్పుడల్లా చంక కుట్లు బయటపడతాయన్న సంగతి మాత్రం ఖజానా లెక్కల్లోకి రాలేదు. చంక కింద దారం ఊడిన వాడు మోచేతిని నడుముకు ఆనించి సగం చేయి చాపుతాడు. దీన్ని దేశభక్తిలో లోపంగా ఎంచరాదు. 

పాఠాంతరము: కొన్ని ప్రతులలో ‘అంగి’ అని కలదు. ఊళ్లో ఎవరైనా అంగి అనే అంటారు, అదే సహజ పాఠం. అయితే ‘సో’కు ‘అం’తో యతి చెల్లదు. యతి కోసం కవి ఇంట్లో మాటను వదులుకున్నాడు. పదేళ్లు తెలుగు చదివినందుకు ఈ మాత్రం త్యాగం ఉంటుంది.

ఇక రెండవ పాదము. పూర్వపక్షి లేచి మెనూ కాగితం చూపిస్తాడు. గుడ్డు సోమ, బుధ, శుక్రవారాలు మూడు రోజులూ ఉన్నది, కవి బుధవారం గుడ్డునే పుణ్యఫలమనుట పక్షపాతము కాదా? కాదు. సోమవారం గుడ్డు తినేవాడి కన్ను చొక్కా మీద ఉంటుంది, పచ్చసొన రాలితే ఇంటి దగ్గర వీపు మోగుతుంది. శుక్రవారం గుడ్డు గొంతు దిగదు, పరీక్ష అడ్డం. నిర్భయంగా, నిశ్చింతగా, ఆకుకూర పప్పు పక్కన పెట్టుకుని తినే గుడ్డు వారానికి ఒక్కటే, అది బుధవారం గుడ్డు. మనసు పెట్టి చేసిన కర్మకే ఫలమని శాస్త్రం.

‘ఫలము’ అన్నాడు కనుక ఇది గుడ్డు ముట్టని పిల్లలకిచ్చే అరటిపండు అని ఒక శాఖవారు. వారి మాట మేము తోసిపుచ్చము, కానీ వారు గుడ్డు తినరు కనుక ఈ విషయంలో వారి ప్రమాణం బలహీనం. అన్నం సంగతి కవి ఎత్తలేదు. 2015 జనవరి నుంచి తెలంగాణ బడుల్లో సన్నబియ్యం పెడుతున్నారు. ఇప్పటి పిల్లలు దొడ్డన్నం కాలం చూడనే లేదు, చూడనిదాన్ని పొగడటం ఎట్లా? వండే అక్క దగ్గరికి గిన్నెతో రెండోసారి పోయి “అక్కా, జరంత” అన్నవాడికి కూర మాత్రమే పడుతుంది. గుడ్డుకు పునరుక్తి లేదు.

కవి ప్రతిభ అంతా మూడవ పాదంలోనే ఉంది. ‘చూచిరాత’ శ్లేష. చిన్న తరగతిలో అక్షరం కుదరాలని పుస్తకం చూసి రాసేది చూచిరాత, అది విధి. శుక్రవారం పక్కవాడి కాగితం చూసి రాసేదీ చూచిరాతే, అది నిషేధం. విధినీ నిషేధాన్నీ ఒక్క మాటలో చెప్పడం మీమాంసకులకు సాధ్యం కాలేదు, రఫ్ నోటు కవికి అయింది.

లఘుపరీక్ష ఎంత లఘువో తెలియాలంటే లెక్క చూడాలి. ఏడాదికి నాలుగు ఫార్మేటివ్‌లు, ఒక్కోదానికి 20 మార్కులు, ఆ 20లో లఘుపరీక్షవి 5. తక్కినవి పాల్గొన్నందుకు, రాతపనికి, ప్రాజెక్టుకు. పదో తరగతిలో ఈ ఇంటర్నల్ 20, పబ్లిక్ పరీక్షలోని 80 కలిస్తే నూరు. 2024 నవంబరులో ఈ 20ని ఎత్తేస్తామన్నారు, తరువాత ఉండనిచ్చారు. శ్రుతికీ స్మృతికీ విరోధం వస్తే శ్రుతిదే గెలుపని పెద్దలు. సర్క్యులర్‌కూ సర్క్యులర్‌కూ విరోధం వస్తే వెనక వచ్చినదే గెలుస్తుందని స్టాఫ్‌రూము.

మరి ‘శుక్ర’ శబ్దమే ఎందుకు? పదో తరగతి తెలుగులో మొదటి పాఠం ‘దానశీలము’, పోతన భాగవతంలోది. వామనుడు మూడడుగులు అడుగుతాడు, గురువు శుక్రాచార్యుడు ఇవ్వొద్దంటాడు, బలి చక్రవర్తి ఇస్తానన్న మాట తప్పనంటాడు. పోతన గారి బమ్మెర ఎక్కడో లేదు, ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. పాత ఓరుగల్లు జిల్లా లెక్కన భూపాలపల్లి పిల్లలకు సొంత కవి. అందుకేనేమో, ఆ పాఠం మీద పరీక్ష పెట్టిన శుక్రవారం తరగతి గదిలో కథంతా మళ్లీ జరుగుతుంది. రెండో బెంచీలో ఫస్టు వచ్చేవాడు బలి. వెనక బెంచీ నుంచి పొట్టిగా వంగి “అరేయ్, జర జరుగురా, కనబడ్తలేదు” అని యాచించేవాడు వామనుడు. అడిగేది రెండు లైన్లే, ఒకసారి ఒప్పుకున్నాక పేపరంతా ఆక్రమిస్తాడు. “ఎవ్వరికీ చూపించొద్దు” అని బల్లల మధ్య తిరిగే సారు శుక్రాచార్యుడు. బలి మాత్రం చూపిస్తాడు. పాఠం వంటబట్టిందనడానికి ఇంతకన్న సాక్ష్యం ఏముంది? అయినా వాడికి దానశీలానికి మార్కులు వేయరు, బయట నిలబెడతారు. పోతన భాగవతంలో బలికి సుతలమైనా దక్కింది.

శుక్రుడికి దర్భ తగిలి ఒక కన్ను పోయిందని లోకంలో కథ. కనుక శుక్రవారం నాడు చూచేది కూడా ఒక్క కంటితోనే. రెండోది తన కాగితం మీద ఆనించి ఉంచాలి. ఈ నియమం తప్పినవాడే దొరుకుతాడు.

ఇక్కడ మాస్టర్ల పాండిత్యం గురించి ఒక మాట. తాళపత్ర ప్రతులు పరిష్కరించేవారు, రెండు ప్రతుల్లో ఒకే తప్పు కనబడితే రెండూ ఒకే మాతృక నుంచి పుట్టాయని తేలుస్తారు. శుక్రవారం సాయంత్రం పేపర్లు దిద్దే తెలుగు సారు చేసేదీ ఇదే. ‘వామనుడు రెండడుగులు అడిగెను’ అన్న తప్పు మూడో బెంచీలో పుట్టి, కిటికీ పక్కగా ఆరో బెంచీకి పోయి, అక్కడ ‘రెండెకరాలు’ అయిందంటే, ఆ శాఖాభేదాన్ని ఆయన రిజిస్టరు చూడకుండా గీసి చూపగలడు. ఏ విశ్వవిద్యాలయంలోనూ ఇంత వేగంగా పాఠపరిష్కరణ జరగదు. దీనికి ఆయనకు పీహెచ్‌డీ ఇవ్వరు, ఎర్ర పెన్ను రీఫిల్లు కూడా ఇవ్వరు.

నాల్గవ పాదంలో ‘జాతర’ అనగా మేడారమే. ఈ దిక్కున వేరే అర్థం లేదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ గద్దెల మీదికి వస్తారు. 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లా ఏర్పడ్డప్పుడు మేడారం ఇందులోనే ఉండేది. 2019 ఫిబ్రవరి 17న ములుగు వేరే జిల్లా కావడంతో అటు పోయింది. మధ్యలో 2018 జాతర ఒక్కటే ఈ జిల్లా లెక్కలో పడింది. జాతర జిల్లా దాటినా మాట దాటలేదని, ప్రతి శనివారం సాయంత్రం గేటు దగ్గర తిరిగి జరుగుతుందని కవి చెప్పకనే చెప్పాడు. ఎదురుకోళ్లు, బెల్లపు బంగారం లేవు. చెప్పులు మారిపోవడం మాత్రం రెండు చోట్లా ఉంది.

ఛందస్సు గురించి ఎక్కువ చెప్పము. ఆట అన్నది ఈ పద్యం పేరులోనూ ఉంది, బడి టైంటేబుల్లోనూ ఉంది. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాక పద్యం పేరులో మాత్రమే మిగులుతుంది.

లుప్త దినములు

మంగళవారం, గురువారం ఏమైనవి? గుడ్డును పాదానికెక్కించిన కవి, గురువారం మెనూలో వెజిటబుల్ బిర్యానీ ఉండగా దాన్ని విడిచినాడంటే అది మరుపు కాదు. గురువారాన్ని వదిలి గురువులను అవమానించాడని కొందరు. అదీ కాదు. ఈ జిల్లా పేరు ముందరే ఒక గురువున్నారు. అక్కంపేటలో 1934లో పుట్టి, పాఠాలు చెప్పి, కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన ఆచార్య కొత్తపల్లి జయశంకర్. సెలవు చీటీలో జిల్లా పేరు రాసిన ప్రతిసారీ పిల్లవాడు ఒక పంతులుకు దండం పెట్టినట్టే.

మా సిద్ధాంతం వేరు. ఈ రెండు రోజులూ వ్యంగ్యము. నోటీసు బోర్డు మీద కనబడే విజయాలన్నీ పుట్టేది వీటిలోనే. కాళేశ్వరం ఈ జిల్లాలోదే. అక్కడ గోదావరి, ప్రాణహిత కంటికి కనబడతాయి, సరస్వతి అంతర్వాహిని. కనబడని నదికే 2025 మే 15 నుంచి 26 దాకా పుష్కరాలు జరిగాయి. చదువులతల్లి పుష్కరాలు సరిగ్గా వేసవి సెలవుల్లోనే వచ్చి పిల్లలకు ఒక్క సెలవూ దక్కకుండా చేశాయి, ఆమెకు బడి సంగతులు బాగా తెలుసు. మంగళవారం సాయంత్రం అందరూ పోయాక ప్రత్యేక తరగతికి కూర్చునే పిల్లలది కూడా ఆ నది దారే. చీకటి పడ్డాక ఊళ్లకు పోయే బస్సెక్కుతారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు టికెట్టు లేదు, మగపిల్లలు పాసు తీస్తారు. గురువారం మైదానంలో మోకాలు గీసుకున్నవాడి పేరు జోనల్ కబడ్డీలో ఒక వాక్యమవుతుంది. ఇన్‌స్పైర్ సైన్సు అవార్డుకు ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు వస్తాయి, బోర్డు మీద అదీ ఒక వాక్యమే. ఈ సందర్భంలో ఒక సాంకేతిక సూచన: మేడిగడ్డ మన జిల్లాదే కాబట్టి థర్మోకోల్ బ్యారేజీ చేయాలని ముచ్చటపడేవారు, 2023 అక్టోబరు 21న అక్కడ పిల్లర్లు కుంగిన సంగతి తలచుకుని, పునాది దగ్గర ఫెవికాల్ ఒక పూత ఎక్కువ వేయండి.

అన్నిటికన్న కింద, చిన్న అక్షరాల్లో ఉండే వాక్యం ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్పుది. ఎనిమిదో తరగతిలో పరీక్ష, తొంభై ప్రశ్నల పేపర్లు రెండు. గెలిచిన పిల్లకు తొమ్మిది నుంచి ఇంటరు పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. కష్టపడి గెలిచాక కూడా డబ్బు ఆగిపోయేది ఎక్కువగా ఒక్క కారణానికి: బడి రిజిస్టరులో పేరు ఒకటి, ఆధార్‌లో మరొకటి. ఈ వ్యాఖ్యలో మేము చూపిన పాఠాంతరాలన్నీ మీరు మరిచినా నష్టం లేదు. మీ ఇంట్లో ఏడో తరగతి పిల్ల ఉంటే, ఆ రెండు కాగితాలూ ఇవ్వాళే పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి.